వీడియో నిజమే, ఏలియన్ మాత్రం కాదు: విశాఖ ‘వింత జీవుల’ కథ ఏం చెబుతోంది?

జైపూర్: రెండో షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని దస్తర్‌ఖాన్ ముందు కూర్చునే లోపే ఫోన్ టింగుమంటుంది. ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక వీడియో. మసక వెలుతురులో సన్నటి కాళ్లతో నిటారుగా నిలబడ్డ తెల్లటి జీవులు, పెద్ద తల, నల్లటి కళ్లు. కింద నాలుగు ఎర్ర బాణం గుర్తులు, ‘అందరికీ షేర్ చేయండి’ అని ఒక లైను. ఇంటర్ చదివే పిల్లాడు ఏలియన్ అంటాడు. నానీ ఫోన్ వైపు ఒక్కసారి చూసి “జిన్నాత్ అయి ఉంటయి, రాత్రిపూట పిల్లలకు చూపియ్యకుర్రి” అంటుంది. మామూ మాత్రం “అరే, అంతా గ్రాఫిక్స్ రా” అని తేల్చేస్తాడు. సింగరేణి క్వార్టర్లలోనైనా, పవర్ ప్లాంట్ పక్క ఊళ్లలోనైనా, గోదావరి అవతల గోదావరిఖనిలోనైనా ఈ చర్చ కొంచెం అటు ఇటుగా ఇలాగే నడుస్తుంది.

ఈ చర్చలో అందరూ ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతారు. వీడియో అసలుదా, నకిలీదా? అసలుదైతే ఏలియన్ ఉన్నట్టే, నకిలీ అయితే లేనట్టే అని లెక్క. ఈ లెక్కలోనే తప్పుంది. అది ఎలాగో తెలియాలంటే మన తెలుగు గడ్డ మీదే జరిగిన ఒక సంగతి చూడాలి.

విశాఖలో ఏం దొరికింది

2017లో విశాఖపట్నంలో కడుతున్న ఒక బిల్డింగ్‌లో పనివాళ్లకు వింత జీవులు కనబడ్డాయి. ఎవరో ఫోన్‌లో వీడియో తీశారు. ఒంటి మీద సరిగా ఈకలు లేవు, మొహం గుండె ఆకారంలో, కళ్లు గుండ్రంగా నల్లగా, కాళ్లు మాత్రం పొడుగ్గా. మనుషుల్లా నిటారుగా నిలబడి కెమెరా వైపే కళ్లార్పకుండా చూస్తున్నాయి. ఆ వీడియో విశాఖ దాటి, దేశం దాటి, బ్రిటన్ పేపర్ల దాకా పోయింది. ఇండియాలో ఏలియన్లు దొరికాయని యూట్యూబ్‌లో హెడ్డింగులు పెట్టారు.

అవి గుడ్లగూబ పిల్లలు. ఇంగ్లిష్‌లో బార్న్ ఔల్ అంటారు. రాత్రిపూట పాత మసీదు గోడల మీదా, పాడుబడ్డ బావుల దగ్గరా అప్పుడప్పుడు తెల్లగా ఎగురుతూ కనిపించే జాతే ఇది. మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది.

మరి పక్షిని చూసి పక్షి అని ఎందుకు గుర్తుపట్టలేదు? ఎందుకంటే ఈ పక్షి పిల్లను దాదాపు ఎవరూ చూసి ఉండరు. కోడిపిల్ల మన కాళ్ల దగ్గర తిరుగుతుంది, పావురం పిల్ల రోషన్‌దాన్‌లో కనిపిస్తుంది. బార్న్ ఔల్ మాత్రం చీకటి మూలల్లో, స్లాబుల సందుల్లో, మనిషి చెయ్యి పోని చోట గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి ఎగిరే సరికి దాదాపు రెండు నెలలు పడుతుంది, అప్పటికి ఒళ్లంతా ఈకలు వచ్చేస్తాయి. మనకు తెలిసిన గుడ్లగూబ అంటే ఆ ఈకలున్న పెద్ద పక్షే. ఈకలు తీసేస్తే దాని కాళ్లు ఎంత పొడుగ్గా ఉంటాయో ఎవరికీ తెలియదు. విశాఖ పిల్లలు సరిగ్గా ఆ మధ్య వయసులో, మెత్తటి నూగు మాత్రమే ఉన్న దశలో కెమెరాకు దొరికాయి.

నిటారుగా నిలబడటానికి కూడా కారణముంది. మూల నుంచి కదలలేని పిల్ల, ఎదురుగా పెద్ద ఆకారమూ లైటూ కనబడితే శత్రువు వచ్చిందనుకుంటుంది. ఒళ్లు నిక్కబొడుచుకుని, తల ఊపుతూ, పాములా బుసకొడుతుంది. బార్న్ ఔల్ సినిమాల్లో గుడ్లగూబలా ‘హూ హూ’ అనదు, గీరుమని అరుస్తుంది, బుస్సుమంటుంది. చీకట్లో ఆ చప్పుడు విన్నవాళ్లు భయపడటంలో వింతేం లేదు. ఒకేసారి రెండు మూడు వేర్వేరు సైజుల్లో కనిపించడం కూడా వీటికి మామూలే. తల్లి రోజుల తేడాతో ఒక్కో గుడ్డు పెడుతూ, మొదటి గుడ్డు నుంచే పొదగడం మొదలుపెడుతుంది కాబట్టి పిల్లలు ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. చూసేవాళ్లకు అది అమ్మా నాన్నా పిల్లా ఉన్న ఏలియన్ కుటుంబంలా తోస్తుంది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి, ఈ వీడియోలో గ్రాఫిక్స్ లేవు. పనివాళ్లు మోసం చేయలేదు, కనబడిందే తీశారు. ఆ రకంగా మామూ ఓడిపోయాడు. కానీ పిల్లాడు గెలవలేదు. వీడియో అసలుదే, దాని కింద రాసిన మాట అబద్ధం.

పడింది నిజం, పేరే తప్పు

ఇలాంటిదే మరొకటి మన రాష్ట్రంలో జరిగింది. 2022 డిసెంబర్ 7న వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో పొలాల్లో ఒక పెద్ద వస్తువు ఆకాశం నుంచి దిగింది. చూడటానికి సినిమాలో అంతరిక్ష నౌక లాగే ఉంది. చుట్టుపక్కల ఊళ్ల జనం ఉరికొచ్చారు, వీడియోలు తీశారు. ఏలియన్ల బండి దిగిందని అప్పటికప్పుడు ప్రచారం మొదలైంది.

అది స్పెయిన్‌కు చెందిన హేలో స్పేస్ అనే కంపెనీ టెస్ట్ క్యాప్సూల్. మనుషులను బెలూన్‌లో చాలా ఎత్తుకు తీసుకెళ్లి భూమిని చూపించాలన్నది వాళ్ల వ్యాపారం. ఆ రోజు లోపల మనుషులెవరూ లేకుండా పరీక్ష చేశారు. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వాళ్ల బెలూన్ కేంద్రం దశాబ్దాలుగా ఉంది. అక్కడి నుంచే దీన్ని ఎగరేశారు. 37 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి దిగింది. ఈ కేంద్రం బెలూన్లు ఎగరేసే సీజన్‌లో పేపర్లలో ప్రకటన వేస్తుంది: పారాచూట్‌తో పరికరాలు దిగితే ముట్టుకోకండి, దగ్గరి పోలీస్ స్టేషన్‌కు చెప్పండి అని. లోపలి పేజీల్లో వచ్చే ఆ చిన్న ప్రకటన ఎవరు చదువుతారు? వీడియో మాత్రం అందరూ చూస్తారు.

అదే ఏడాది ఏప్రిల్ 2 సాయంత్రం మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, గుజరాత్ వైపు ఆకాశంలో నిప్పుల గీత ఒకటి సాగిపోయింది. తర్వాత చంద్రపూర్ జిల్లా సిందేవాహి తాలూకాలో పెద్ద లోహపు రింగు, గుండ్రటి లోహపు గోళాలు దొరికాయి. మంచిర్యాలలో రైలెక్కితే కాగజ్‌నగర్, బల్లార్షా దాటి వచ్చేదే చంద్రపూర్. బొగ్గు బెల్ట్‌లో చాలా కుటుంబాలకు అటువైపు చుట్టాలున్నారు. కాబట్టి ఆ వీడియోలు ‘మనవాళ్లు తీసినవే’ అన్న నమ్మకంతో తిరగడం సహజం. అవి నిజంగానే అక్కడివే. పడింది మాత్రం చైనా రాకెట్ తునక. లాంగ్ మార్చ్ రాకెట్ పైభాగం తిరిగి భూమి మీదికి వచ్చేటప్పుడు కాలిపోతూ ముక్కలైందని, రాకెట్ల దారులు లెక్కగట్టే నిపుణులు చెప్పారు.

ఈ మూడు సంగతుల్లో రహస్యం ఎందుకు అంత త్వరగా వీడిపోయింది? వీడియో ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో తెలుసు కాబట్టి. ఊరి పేరు ఉంది, తేదీ ఉంది, వెళ్లి చూసిన మనుషులున్నారు. ఊరూ తేదీ లేని వీడియో మాత్రం ఏళ్ల తరబడి ‘రహస్యం’గానే తిరుగుతుంది. లెక్కలు రాసేవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పద్దు పుస్తకంలో ఎంట్రీ ఎంత అందంగా రాసినా వోచర్ లేకపోతే ఆడిటర్ ఒప్పుకోడు. ఎంట్రీ దొంగదని అతను నిరూపించనక్కర్లేదు, వోచర్ చూపించాల్సింది రాసినవాడే.

భేజా, కోడి పేగులు పెట్టి చేసిన ‘ఏలియన్’

పూర్తిగా అల్లిన మోసాలు లేవని కాదు. వాటిలో పెద్దది 1995 నాటిది. అమెరికాలోని రోస్వెల్ దగ్గర 1947లో ఎగిరే పళ్లెం కూలిందని పాత కథ ఒకటుంది. నిజానికి సోవియట్ అణు పరీక్షల చప్పుడు పసిగట్టడానికి రహస్యంగా ఎగరేసిన బెలూన్ల తాలూకు శిథిలాలే అవని అమెరికా వైమానిక దళం 1994లో నివేదిక ఇచ్చింది. అయినా మరుసటి ఏడాది లండన్‌కు చెందిన రే సాంటిల్లీ, రోస్వెల్‌లో దొరికిన ఏలియన్ శవానికి పోస్ట్‌మార్టం చేస్తున్న పాత ఫిల్మ్ తన దగ్గరుందన్నాడు. అమెరికాలో ఫాక్స్ టీవీ దాన్ని 1995 ఆగస్టులో ప్రసారం చేసింది. ఇంకా చాలా దేశాల టీవీలు కొనుక్కుని వేశాయి.

పదకొండేళ్ల తర్వాత, 2006లో, అసలు సంగతి బయటికొచ్చింది. ఆ శవాన్ని చేసింది జాన్ హంఫ్రీస్ అనే శిల్పి. షూటింగ్ జరిగింది లండన్‌లోని ఒక ఫ్లాట్‌లో. బొమ్మ లోపల గొర్రె మెదడు, కోడి పేగులు, కీళ్ల బొక్కలు పెట్టారు. మన ఇళ్లలో భేజా ఫ్రై, పాయా అయ్యే సరుకు అక్కడ ఏలియన్ అయి టీవీలకు అమ్ముడుపోయింది. సాంటిల్లీ మాత్రం తన దగ్గర అసలు ఫిల్మ్ ఉండేదని, అది పాడైపోతే ‘మళ్లీ తయారు చేశాం’ అని చెప్పుకున్నాడు. ఆ అసలు ఫిల్మ్‌ను ఎవరూ ధ్రువీకరించలేకపోయారు. చూపించమన్న వోచర్ ఇప్పటిదాకా రాలేదన్నమాట.

2023 సెప్టెంబర్‌లో మెక్సికో పార్లమెంటులో హైమే మౌసాన్ అనే జర్నలిస్ట్ రెండు చిన్న ఎండు శవాలను పెట్టెల్లో తెచ్చి చూపించాడు, ఇవి మనుషులవి కావన్నాడు. ఆ క్లిప్ తెలుగు చానెళ్లలో కూడా తిరిగింది. పార్లమెంటులో చూపించారు కాబట్టి నిజమే అయ్యుంటుందని చాలామంది అనుకున్నారు. కొన్ని నెలల తర్వాత, 2024 జనవరిలో, పెరూ ఫోరెన్సిక్ నిపుణులు అక్కడి కస్టమ్స్ వాళ్లు పట్టుకున్న అలాంటి బొమ్మలనే పరీక్షించారు. జంతువుల, పక్షుల ఎముకలను ఈ కాలపు జిగురుతో అతికించి చేసినవని తేల్చారు. మౌసాన్ తను చూపించినవి వేరే అని వాదించాడు. బొమ్మల వార్త చదివినవాళ్లు ఎందరు, పెట్టెల వీడియో చూసినవాళ్లు ఎందరు అన్నది ఎవరైనా ఊహించుకోవచ్చు.

‘అమెరికా మిలిటరీనే ఒప్పుకుంది కదా’

ఏలియన్ వాదన చేసేవాళ్ల దగ్గర ఉన్న బలమైన పాయింటు ఇది. దీన్ని నవ్వి కొట్టిపారేయడం న్యాయం కాదు. 2020 ఏప్రిల్ 27న అమెరికా రక్షణ శాఖ, నేవీ విమానాల నుంచి తీసిన మూడు వీడియోలను స్వయంగా విడుదల చేసింది. వీడియోలు అసలువేనని చెప్పింది. అందులో కనిపిస్తున్నవి ఏంటో గుర్తించలేదని కూడా చెప్పింది. వాళ్లు ఒప్పుకున్నది అంతవరకే. ‘గుర్తించలేదు’ అన్న మాటను ‘ఏలియన్’ అని తర్జుమా చేసింది మనమే. రోడ్డు పక్క దొరికిన పర్సు ఎవరిదో తెలియకపోతే అది చంద్రుడి మీది నుంచి పడిందని ఎవరూ అనరు కదా.

ఆ మూడింటిలో ‘గో ఫాస్ట్’ అనే వీడియోలో ఒక చుక్క సముద్రం మీద బాణంలా దూసుకుపోతున్నట్టు కనిపిస్తుంది. పైలట్లు కూడా ఆశ్చర్యపోతారు. 2023 సెప్టెంబర్‌లో నాసా నియమించిన నిపుణుల బృందం స్క్రీన్ మీద ఉన్న అంకెలతోనే లెక్క కట్టింది. ఆ వస్తువు నీళ్ల దగ్గర లేదు, దాదాపు 13,000 అడుగుల ఎత్తులో ఉంది. దాని వేగం గంటకు సుమారు 40 మైళ్లు, అంటే 64 కిలోమీటర్లు. ఆ ఎత్తులో గాలి వేగమే అంత ఉంటుంది. మరి దూసుకుపోయినట్టు ఎందుకు కనబడింది? తీస్తున్న విమానం వేగంగా పోతోంది కాబట్టి. రామగుండం నుంచి మంచిర్యాలకు రైల్లో పోతుంటే పట్టాల పక్కన చెట్లు వెనక్కి పరిగెత్తుతాయి, దూరంగా ఉన్న ప్లాంట్ చిమ్నీ మాత్రం మనతోనే వస్తున్నట్టు ఉంటుంది. చెట్టు పరిగెత్తట్లేదని మనకు తెలుసు. సముద్రం మీద ఎగిరే విమానం నుంచి చూస్తే చెట్టేదో, చిమ్నీ ఏదో చెప్పడం కష్టం.

ఆ తర్వాత 2024 మార్చిలో అమెరికా రక్షణ శాఖలో ఇలాంటి సంఘటనలు పరిశీలించే విభాగం, 1945 నుంచి జరిగిన ప్రభుత్వ దర్యాప్తులన్నీ తిరగేసి నివేదిక ఇచ్చింది. వేరే గ్రహాల టెక్నాలజీ అని చెప్పడానికి ఆధారం దొరకలేదని రాసింది. తేలని కేసులు ఇంకా ఉన్నాయి, అదీ వాళ్లే చెబుతున్నారు. సమాచారం చాలకపోతే కేసు తేలదు.

వేరే లోకాల్లో అల్లాహ్ సృష్టి ఉందా లేదా అన్నది పెద్ద ప్రశ్న. ఉలమాలు మాట్లాడతారు, సైంటిస్టులూ వెతుకుతున్నారు. వాట్సాప్‌లో వచ్చిన ముప్పై సెకన్ల క్లిప్ ఆ ప్రశ్నకు అటూ ఇటూ జవాబు కాదు. క్లిప్ అబద్ధమంటే ఆ విశ్వాసం అబద్ధమైనట్టూ కాదు. ఇంట్లో చర్చలు వేడెక్కేది ఈ రెంటినీ కలిపేయడం వల్లే.

బొగ్గు బెల్ట్ రాత్రులు, సీసీ కెమెరాలు

జైపూర్ చుట్టుపక్కల రాత్రి ఆకాశం మామూలు పల్లె ఆకాశం లాంటిది కాదు. 1,200 మెగావాట్ల సింగరేణి థర్మల్ ప్లాంట్ చిమ్నీల మీద ఎర్ర లైట్లు, ఓపెన్‌కాస్ట్‌ల దగ్గర ఓబీ గుట్టల మీద ఎక్కిదిగే డంపర్ల హెడ్‌లైట్లు, దుమ్ములో, చలికాలం మంచులో చెదిరే వెలుగు. గుట్ట చీకట్లో కనిపించదు, దాని మీద బండి లైటు మాత్రం కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన చుట్టం చూస్తే గాల్లో లైట్లు పాకుతున్నాయనే అనుకుంటాడు. దీనికి తోడు ఇప్పుడు స్టార్‌లింక్ శాటిలైట్లు వచ్చాయి. ప్రయోగించిన కొత్తలో పొద్దుగూకాక గానీ, ఫజర్ వేళకు గానీ, ముత్యాల దండలా వరుసగా సాగిపోతాయి. వాటిని చూసి భయపడి వీడియోలు తీసినవాళ్లు దేశంలో చాలాచోట్ల ఉన్నారు.

సీసీ కెమెరా సంగతి మరీ చిత్రం. చీకటి పడగానే అది మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ లైటు వేసుకుని బ్లాక్ అండ్ వైట్‌కు మారుతుంది. లెన్స్‌కు దగ్గరగా పోయే దోమ ఆ లైటు తగిలి తెల్లటి గోళంలా మెరుస్తుంది. రెక్కలాడించే పురుగు ఒక్క ఫ్రేమ్‌లో సాగిపోయి పొడుగాటి కడ్డీలా పడుతుంది. కుక్క, పిల్లి, నక్కల కళ్ల వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది, అందుకే ఆ కళ్లు దీపాల్లా కనిపిస్తాయి. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిన కుక్క ఈ కెమెరాలో నడిచిందంటే, పగలు దాన్ని రోజూ చూసే గల్లీవాళ్లు కూడా గుర్తుపట్టలేరు.

ఇక ఏఐ. గూగుల్ 2025 మేలో తెచ్చిన వియో 3 లాంటివి మాటలు టైప్ చేస్తే చప్పుడుతో సహా వీడియో చేసిస్తాయి. వేళ్లు లెక్కపెట్టండి, నీడలు చూడండి, బోర్డు మీద తెలుగు అక్షరాలు చెదిరిపోయాయేమో చూడండి అని సలహాలు ఇస్తుంటారు. ఇవి కొన్నాళ్లు పనికొస్తాయి. ప్రతి కొత్త వెర్షన్‌లో ఆ తప్పులు తగ్గిపోతున్నాయి కాబట్టి కంటి మీదే ఆధారపడితే ఓడిపోతాం. ఎవరు తీశారు, ఏ ఊళ్లో, ఏ రోజు అన్న ప్రశ్నలకు మాత్రం ఏఐ దగ్గర కూడా నిజమైన జవాబు ఉండదు.

నవ్వులాట ఎక్కడ ఆగుతుంది

ఏలియన్ వీడియోతో ఎవరికేం నష్టం, కాసేపు కాలక్షేపమే కదా అని అడగొచ్చు. గుడ్లగూబను ఏలియన్ అంటే గుడ్లగూబకు తప్ప ఎవరికీ నష్టం లేదు. కానీ అసలు వీడియో కింద అబద్ధపు మాట పెట్టే పద్ధతి ఏలియన్ దగ్గర ఆగదు. మన కుటుంబాలకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కూడా కాదు.

2018 మేలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగు రాష్ట్రాల్లో వాట్సాప్ నిండా మెసేజ్‌లు. రంజాన్ నెల అది. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, భిక్ష కోసం వచ్చిన ట్రాన్స్‌జెండర్లను పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లనుకుని గుంపు కొట్టింది, ఒకరు చనిపోయారు. ఆ రోజుల్లో దేశమంతా తిరిగిన వీడియోల్లో ఒకటి, బైక్ మీద వచ్చి పిల్లాడిని ఎత్తుకుపోయే దృశ్యం. అది కరాచీలో ఒక సంస్థ పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో బైక్ వాళ్లు పిల్లాడిని తిరిగి దింపి, జాగ్రత్తగా ఉండమని బోర్డు చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి మిగతాది పంపారు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ ఇండియాలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వార్డ్ కాకుండా పరిమితి పెట్టింది.

2020 ఇంకా గుర్తుండే ఉంటుంది. మార్చి చివర్లో, టోపీలు పెట్టుకున్న కొందరు ప్లేట్లు, స్పూన్లు నాకుతున్న వీడియో ఒకటి వచ్చింది. కరోనా అంటించడానికే ఇలా చేస్తున్నారని రాశారు. వీడియో అసలుదే, అందులో గ్రాఫిక్స్ ఏమీ లేవు. అది దావూదీ బోహ్రాలు తిండి ఒక్క మెతుకు కూడా వృథా కాకూడదని ప్లేట్లు ఖాళీ చేసే అలవాటు. 2018 నుంచే ఇంటర్నెట్‌లో ఉన్న పాత వీడియో. కరోనా మహమ్మారి రాక ముందుది. ఫ్యాక్ట్ చెక్ వచ్చేలోపు బండి మీద కూరగాయలు అమ్ముకునేవాళ్లను పేరడిగి గల్లీలోకి రానివ్వని రోజులొచ్చాయి. విశాఖ గుడ్లగూబకూ ఈ వీడియోకూ జరిగింది ఒకటే. రెండో దానిలో ఉన్నది మనుషులు.

అందుకే, మన మీద వచ్చిన వీడియోకు ‘ఎక్కడిది, ఎప్పటిది’ అని గట్టిగా అడిగి, మనకు సరదాగా ఉన్న వీడియోకు అడగకుండా ఫార్వార్డ్ నొక్కడం కుదరదు. వార్త వస్తే విచారించమని సూరా హుజురాత్ ఆరో ఆయత్ చెబుతుందని జుమా బయాన్‌లలో చాలాసార్లు విన్నదే. ఆ విచారణ ఇప్పుడు రెండు నిమిషాల పని. వీడియోను స్పష్టంగా ఉన్న చోట ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వేస్తే, అదే బొమ్మ ఇంతకుముందు ఎక్కడెక్కడ వచ్చిందో చూపిస్తుంది. విశాఖ వీడియోను అలా వేసి చూస్తే గుడ్లగూబలే బయటపడతాయి. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ తెలుగులోనే ఫ్యాక్ట్ చెక్‌లు రాస్తాయి. అవి చూసే ఓపిక కూడా లేకపోతే, పంపినవాళ్లనే “భాయ్, ఇది ఏ ఊరిది?” అని ఒక్క మాట అడగొచ్చు. గ్రూప్‌లో పెద్దవాళ్లు పంపి ఉంటే అందరి ముందు దిద్దకుండా విడిగా ఫోన్ చేసి చెబితే వింటారు. ఖాలూను పిల్లల ముందు తప్పుపడితే ఆయన వీడియో మానడు, గ్రూప్ మానేస్తాడు.

విశాఖలో లాగా కొత్తిల్లు కడుతుంటే ఇక్కడా గుడ్లగూబ పిల్లలు దొరకొచ్చు. జైపూర్, ఇందారం, శ్రీరాంపూర్ వైపు కొత్త కట్టడాలకు కొదవ లేదు. ఉల్లూ మన్హూస్ అని, ఇంట్లో ఉంటే అశుభమని కొందరు వాటిని కర్రతో కొట్టి పడేస్తుంటారు. ఇస్లాంకు ముందు అరబ్బుల్లో కూడా గుడ్లగూబ శకునం ఉండేది, ప్రవక్త (స) దాన్ని లేదని కొట్టిపారేసిన సంగతి హదీసుల్లో ఉంది. చట్టం లెక్కన చూసినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని చంపడం, పట్టుకోవడం నేరం. పిల్లలు కనబడితే లైటు ఆర్పేసి, ఆ మూలలో పని కొన్ని రోజులు వాయిదా వేసి, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్‌కు చెబితే చాలు. తల్లి చీకటి పడ్డాక ఎలుకలు పట్టుకొచ్చి వాటికి పెడుతుంది. చుట్టూ వరి పొలాలున్న ఊళ్లో ఆ ఎలుకలు ఎవరి ధాన్యం తిని పెరిగినవో రైతుకు చెప్పనక్కర్లేదు. పిల్లలకు రెక్కలు రాగానే అవే ఎగిరిపోతాయి, అప్పుడు మిగిలిన ప్లాస్టరింగ్ చేసుకోవచ్చు.